నీడ కొలత

మా లైనుకి పేరు లేదు, నంబరే.
నాలుగో లైను, పదమూడో అడ్డరోడ్డు, బ్రాడీపేట.
పోస్టుమాన్‌కీ పాలబ్బాయికీ అది చాలు.
ఎండక్కూడా చాలేది మొన్నటిదాకా.
పొద్దున తొమ్మిదికి మా డాబా ఎక్కి
సాయంత్రం అయిదున్నరకి
పిట్టగోడ మీంచి దిగిపోయేది.

ఇరవై రెండేళ్ళుగా నా కొలువు దాని దగ్గరే.
మాఘంలో పచ్చిమిరపకాయలకి గాట్లు పెట్టి
ఉప్పు మజ్జిగలో మూడు రాత్రులు ఊరేసి
పగలు చాపల మీద పరుస్తాను.
ఎనిమిది ఎండలు పడితే చల్ల మిరపకాయ.
ఏడు పడితే బూజు.

పడమటి పక్క చింతపండు గోడౌను పడగొట్టి
చుట్టూ రేకులు కట్టి బోర్డు పెట్టారు:
పద్నాలుగు అంతస్తులు, పైన ఈతకొలను.
బొమ్మలో మేఘాలున్నాయి, ఒక కుక్కపిల్ల ఉంది.
మా ఇళ్ళున్న చోట పచ్చగడ్డి వేశారు.

నలభై మూడు సంతకాలు.
నాది పదకొండోది, చేతికున్న మజ్జిగ తగిలి
కాగితం అక్కడ ఉబ్బింది.
బోరు గురించి రాయమంది కరీమున్.
పునాది గోతిలో నీళ్ళు వాళ్ళు తోడిన వారానికే
మా బోరు గాలి కక్కింది.
ట్యూషను మాస్టారు పార్కింగు అన్నాడు.
మందులషాపు శేషగిరి బల్ల గుద్ది
మన శవాల మీద కట్టాలి అన్నాడు.
ఏసుపాదం గారు ఏమీ అనలేదు.

సర్వే ఆఫీసులో ముప్పై ఏళ్ళు గొలుసు లాగిన మనిషి.
ఆరో స్లాబు పడ్డ రోజు నించీ
మూడింటికల్లా సుద్దముక్కతో రోడ్డు మీదికొచ్చి
నీడ అంచున గీత గీసి, తేదీ వేసి,
టేపు పరిచి, నోటుబుక్కులో ఎక్కిస్తారు.
ఆటోలు ఆ గీతని తొక్కుకుంటూ పోతాయి.
మర్నాడు మళ్ళీ గీస్తారు.

ఆ పుస్తకం పట్టుకునే కార్పొరేషనుకి వెళ్ళాం.
ఆఫీసరు మర్యాదస్తుడే, మంచినీళ్ళిప్పించాడు.
"రోళ్ళు పగిలే ఎండలండీ మన ఊళ్ళో.
గుంటూర్లో నీడ వద్దని అర్జీ పెట్టినవాళ్ళని
నా సర్వీసులో చూళ్ళేదు" అన్నాడు.
మాకూ నవ్వొచ్చింది.
అదే మేం చేసిన తప్పు.
మెట్లు దిగాక, ఎవరితోనో కాదన్నట్టు,
ఏసుపాదం గారన్నారు:
"దప్పికైందని బావిలో దూకుతామా."

శ్రావణానికి సంతకాలు పంతొమ్మిదికి దిగాయి.
శేషగిరికి పదకొండో అంతస్తులో
తూర్పు ముఖం ఫ్లాటు వచ్చిందట.
తూర్పు ముఖం అంటే
మా డాబా వైపు.

నేనేం పత్తిత్తునని కాదు.
మేం పైన రెండు గదులు లేపిన ఏడు
వెనకింటి వీరరాఘవమ్మ అరుగు మీద,
మోకాళ్ళకి నువ్వులనూనె రాసుకుని ఆవిడ కూచునే చోట
పొద్దుటెండ పోయింది.
ఒకసారి అడిగింది, గట్టిగా కాదు.
మాకు ప్లాను ఉందండీ అన్నాను.
ప్లాను ఇంకా బీరువాలో ఉంది.
ఆవిడ లేదు.

మొన్న ఆ పనిలో ఉన్న పిల్లొకతె,
టెక్కలి పక్కనట, బిందెతో గేటు దగ్గర నిలబడింది.
ట్యాంకరు నీళ్ళు సిమెంటుకే చాలడం లేదట.
మున్సిపల్ కుళాయి నీళ్ళు పట్టి ఇచ్చాను.
"పదో స్లాబు మీంచి సూస్తే మీ మిరపకాయలు
సీర ఆరేసినట్టుంటాయమ్మా" అంది.
ఎండ ఎంతసేపుంటుందే అక్కడ, అన్నాను.
"రోజంతా ఎండేనమ్మా, సచ్చిపోతన్నాం."

ఈ మాఘంలో రెండుంబావుకే చీకటి రంగు వస్తోంది డాబాకి.
చాపల్ని ఈ మూల నించి ఆ మూలకి లాగుతున్నాను,
పిల్లి కూనల్ని మార్చినట్టు.
పద్నాలుగు రోజులైనా కాయ గలగలమనలేదు.

నిన్న ఏసుపాదం గారి టేపు
మా గేటు దాటి, కరీమున్ గుమ్మం దాటి
మూడో లైను మలుపు దగ్గర ఆగింది.
ముప్పై మీటర్లూ అయిపోయాయి.
నీడ ఇంకా ఉంది.
"ఆ చివర పట్టుకో అమ్మాయ్" అన్నారు.
మజ్జిగ చేతులు కొంగుకి తుడుచుకుని
పట్టుకున్నాను.